మీ ప్రశ్నలు, మా జవాబులు: మోయాబు సంగతులు

ప్రశ్న: మోయాబీయులను బాధపెట్టవద్దని ద్వితీయోపదేశకాండం 2వ అధ్యాయంలో ఉంది. 23వ అధ్యాయానికొచ్చేసరికి పదో తరం దాకా వాళ్లను సమాజంలో చేర్చకూడదని ఉంది. ఇంతకీ వాళ్లు ఇశ్రాయేలీయులకు చుట్టాలా, పగవాళ్లా? (పాఠకుడు, కందుకూరు)

జవాబు: దాయాదులు. మోయాబు లోతు పెద్దకూతురి కొడుకు. లోతు అబ్రాహాముకు వరసకు కొడుకే. అందుకే ఆ మొదటి మాట. రెండో మాటకు కారణం 23లోనే చెప్పారు: ఐగుప్తు నుంచి నడిచి వస్తున్న వాళ్లకు అన్నం, నీళ్లు తీసుకుని ఎదురు రాలేదు సరిగదా, బిలాము అనే సోదెగాడికి కూలి ఇచ్చి వాళ్లను శపించమన్నారు.

కానీ అసలు తగాదా గట్టు దగ్గరుంది. మృత సముద్రానికి తూర్పున అర్నోను లోయ అడ్డంగా కోసినట్టు దిగుతుంది. దానికి దక్షిణాన ఉన్నది మోయాబేనని అందరూ ఒప్పుకుంటారు. ఉత్తరాన ఉన్న పీఠభూమి మంచి మేత నేల, పంట నేల. దాన్ని అమోరీయుల రాజు సీహోను మోయాబు దగ్గర లాక్కున్నాడు (సంఖ్యాకాండం 21:26). సీహోనును ఓడించి ఇశ్రాయేలు తీసుకుంది. రూబేను, గాదు గోత్రాలు అక్కడ దిగాయి. 'అంతకుముందు మాదే' అని మోయాబీయులు, 'మీ దగ్గర తీసుకోలేదే' అని ఇశ్రాయేలీయులు. ఇలాంటి వ్యాజ్యం మన తాలూకా కోర్టులో పడినా మూడు తరాలు నడుస్తుంది. అక్కడ అంతకంటే ఎక్కువే నడిచింది. మధ్యలో చుట్టరికమూ తెగలేదు: సౌలు తరుముతుంటే దావీదు తన తల్లిదండ్రులను దాచింది మోయాబు రాజు దగ్గరే. ఆ దావీదే రాజయ్యాక మోయాబీయులను నేల మీద పడుకోబెట్టి, తాడుతో కొలిచి, రెండు తాళ్ల మందిని చంపి ఒక తాడు మందిని వదిలాడు.

ప్రశ్న: మోయాబు రాజు మేషా ఇశ్రాయేలు రాజుకు లక్ష గొర్రెపిల్లలు, 'బొచ్చుగల' లక్ష పొట్టేళ్లు పన్ను కట్టాడని 2 రాజులు 3:4లో ఉంది. బొచ్చును ప్రత్యేకంగా చెప్పడమెందుకు? (జీవాలు మేపే కుటుంబం నుంచి, ఉదయగిరి)

జవాబు: మీ మందను చూసి అడిగిన ప్రశ్న ఇది. నెల్లూరు జాతిలో జోడిపి అయినా, పల్ల అయినా, డోర అయినా ఒంటిమీద ఉండేది పొట్టి వెంట్రుకే. మనం పెంచేది మాంసానికి. మేషావి ఉన్ని గొర్రెలు, అక్కడ ఉన్నే సొమ్ము. హెబ్రీ వాక్యాన్ని 'లక్ష పొట్టేళ్ల ఉన్ని' అని కూడా చదవొచ్చు. అలా చదివితే తోలుకెళ్లింది గొర్రెపిల్లలను, మోసుకెళ్లింది ఉన్నిని. పొట్టేళ్లు మందలోనే ఉంటాయి. మంద నిలబడాలంటే ఇదే నయం. ఇంకో మాట: 'ఏటేటా' అన్నది మూలంలో లేదు, కొన్ని అనువాదాలు చేర్చుకున్నాయి.

ప్రశ్న: అదే అధ్యాయంలో గెలుపు ఇశ్రాయేలుది. మేషా చెక్కించిన రాతి మీద గెలుపు మోయాబుది. సండే స్కూల్లో పిల్లలకు ఏది చెప్పాలి? (టీచరు, ఒంగోలు)

జవాబు: రెండూ పక్కపక్కన పెట్టి చెప్పండి. ముందు రాయి సంగతి. 1868లో ధీబాన్‌లో, అంటే పాత దీబోనులో, క్లైన్ అనే మిషనరీ కంటపడింది. నల్ల బసాల్టు రాయి, మనిషి ఛాతీ ఎత్తు, 34 పంక్తులు. దాన్ని ఎవరు కొనాలన్న పోటీలో స్థానికులకు ఒళ్లు మండి, రాయిని నిప్పుల్లో కాల్చి, చన్నీళ్లు పోసి పగలగొట్టారు. అదృష్టం ఏమిటంటే అంతకుముందే తడి కాగితం అద్ది అచ్చు తీశారు. దొరికిన ముక్కలను అతికి, మిగతాది ఆ అచ్చు చూసి పూరించారు. ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

అందులో మేషా ఏమంటాడంటే: ఇశ్రాయేలు రాజు ఒమ్రీ మోయాబును చాలా రోజులు అణచాడు, ఎందుకంటే మోయాబు దేవుడు కెమోషు తన దేశం మీద కోపగించాడు. ఈ వాక్యం దగ్గర పిల్లలను ఆపండి. దేవుడి పేరు మారిస్తే అచ్చం న్యాయాధిపతుల గ్రంథం ధోరణే. భాష కూడా హెబ్రీకి అంత దగ్గర; బహువచనం చివర 'మ్' బదులు 'న్' వస్తుంది. తర్వాత అతారోతు, నెబో పట్టుకున్నానంటాడు. నెబోలో 7,000 మందిని చంపి, యెహోవా పాత్రలను కెమోషు ముందుకు ఈడ్చానంటాడు.

ఇప్పుడు పటం తీయండి. రాతిలోని ఈ ఊళ్లు అర్నోనుకు ఉత్తరాన ఉన్నాయి. 2 రాజులు 3లో ఇశ్రాయేలు, యూదా, ఎదోము రాజులు ముగ్గురూ ఆ వైపు నుంచి రాకుండా దక్షిణాన ఎదోము మీదుగా ఏడు రోజులు చుట్టు తిరిగి, నీళ్లకు అల్లాడారు. ఉత్తరపు కోటలు మేషా చేతిలో ఉంటే ఆ చుట్టుదారికి అర్థం దొరుకుతుంది. చివరికి కీర్హరెశెతు గోడ మీద మేషా తన పెద్దకొడుకును బలిచ్చాక ఇశ్రాయేలు సేన వెనక్కి వెళ్లిపోయిందని బైబిలే ఒప్పుకుంటుంది. కాబట్టి 'పూర్తి గెలుపు' అని చెబితే అధ్యాయం చివరి వచనాన్ని వదిలేసినట్టే.

టీచర్లు ఎక్కువగా తడబడేది మోయాబును, అమ్మోనును కలిపేయడంలో. అమ్మోను ఇంకా ఉత్తరాన, నేటి అమ్మాన్ వైపు.

ప్రశ్న: మోయాబీయులను చేర్చకూడదంటే మోయాబీయురాలైన రూతును ఎలా చేర్చుకున్నారు? ఆమె ఒక్కరోజులో తూమెడు యవలు పరిగె ఏరడం నిజంగా కుదిరేదేనా? (పాఠకురాలు, కావలి)

జవాబు: ఆజ్ఞలో ఉన్నది 'మోయాబీయుడు', 'మోయాబీయురాలు' కాదు అని యూదు రబ్బీలు తీర్పు చెప్పారు. బాటసారులకు అన్నం నీళ్లతో ఎదురెళ్లడం మగవాళ్ల పని, ఆ తప్పు ఆడవాళ్లది కాదని వాళ్ల వాదన. వాదన బాగుంది. కానీ రూతు గ్రంథం మాత్రం ఆ చర్చలోకే వెళ్లదు. ఆమెను మోయాబీయురాలు అని పదేపదే పిలుస్తూనే దావీదుకు ముత్తవ్వను చేస్తుంది.

తూము లెక్కలో చిక్కు మన కొలతది. నెల్లూరు పుట్టి 850 కిలోలు, 20 తూములు పుట్టి అనుకుంటే తూము 42 కిలోలు దాటుతుంది. అంత మూట నెత్తిన పెట్టుకుని ఊళ్లోకి నడవడం కష్టం. అనువాదకులు తూము అన్నది ఏఫా అనే హెబ్రీ కొలతను. అది సుమారు 22 లీటర్లు, దుళ్లగొట్టిన యవలైతే 13, 14 కిలోలు. పరిగెకు అదీ ఎక్కువే. కోతవాళ్లు పనల్లోంచి కావాలని కొన్ని లాగి పడేయాలని పొలం యజమాని బోయజు చెప్పాడుగా (రూతు 2:16), ఆ తేడా అక్కడిది.