అంబాసిడర్ సెల్ఫ్ తిరిగినా ఇంజన్ అందుకోకపోతే కార్బురేటర్ మార్చాలా?

ప్రశ్న: నాన్నగారి 1984 మోడల్ అంబాసిడర్ మార్క్ 4, పెట్రోల్ బండి, 8 నెలలుగా షెడ్డులోనే ఉంది. కొత్త బ్యాటరీ వేశాం. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజన్ మాత్రం అందుకోవట్లేదు. కార్బురేటర్ పోయింది, మార్చాలి అంటున్నాడు మెకానిక్. మార్చమంటారా?

జవాబు: మార్చకండి. అసలు దాని జోలికే పోనివ్వకండి.

పాత బండి స్టార్ట్ కాలేదంటే మన దగ్గర అందరి చెయ్యీ ముందు కార్బురేటర్ మీదకే, అంటే పెట్రోలుని గాలితో కలిపి ఇంజన్‌కి అందించే భాగం మీదకే పోతుంది. పైకి కనిపిస్తుంది, తిప్పడానికి స్క్రూలుంటాయి, విప్పి పెట్రోలులో కడిగితే పని చేసినట్టు ఉంటుంది. తీరా చూస్తే అది బాగానే ఉంటుంది, ఈలోగా స్క్రూలన్నీ తిప్పేసి ఉంటారు కాబట్టి ఒక సమస్య రెండవుతుంది. ముప్పై ఏళ్లుగా మా ఇంట్లోనూ, చుట్టుపక్కలా ఈ బళ్లని చూస్తున్నాను, కార్బురేటర్ పోయిందన్న మాట విన్న ప్రతిసారీ దాదాపుగా కరెంటు దగ్గరే తేలింది.

ఇది నాకు బుర్రకెక్కింది 1997 మే నెలలో. మాది 1982 మోడల్. రాజమండ్రి నుంచి అన్నవరం వ్రతానికి వెళ్లాం. వ్రతం అయ్యి, ప్రసాదం పొట్లాలు ఒళ్లో పెట్టుకుని ఒంటిగంట ఎండలో తిరుగుప్రయాణం మొదలుపెట్టాం. రత్నగిరి దిగి హైవే ఎక్కామో లేదో ఇంజన్ రెండుసార్లు తుమ్మినట్టు కొట్టుకుని ఆగిపోయింది. రోడ్డు మీద ఆగి చూసినవాళ్లందరిదీ ఒకటే మాట, వేడికి పంపులో పెట్రోలు ఆవిరైంది, ఎయిర్ లాక్ అని. నాన్న తువ్వాలు తడిపి పంపు మీద కప్పారు, అది ఆరిపోతే మళ్లీ తడిపారు, అలా ముప్పావు గంట గడిచాక బండి స్టార్ట్ అయింది. చెప్పామా లేదా అన్నారు అందరూ. కత్తిపూడి దాకా వచ్చి మళ్లీ ఆగింది. ఈసారి తువ్వాలుతో పాటు సోడాబండి దగ్గర కొన్న ఐసుగడ్డ పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. వెనక సీట్లో నానమ్మ విసనకర్రతో విసురుకుంటూ సత్యదేవుణ్ణి తలుచుకుంటోంది.

పక్కనే లారీలు బాగుచేసే షెడ్డులోంచి ఒక పెద్దాయన వచ్చారు. అరవై దాటి ఉంటాయి. నాన్న జరిగిందంతా చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, "గొడుగుందాండి?" అని అడిగారు. నానమ్మ నల్ల గొడుగు తీసుకుని నా చేతికిచ్చి ఇంజన్ మీద నీడ పడేలా పట్టుకోమన్నారు, ఎండలో స్పార్క్ కంటికి ఆనదు కదా. బ్యాటరీ వోల్టేజిని స్పార్క్‌కి చాలినంత పెంచే కాయిల్ నుంచి, దాన్ని ప్లగ్గులకి పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మధ్యలోకి వచ్చే లావు వైరు పీకి, ఎండు చెక్కముక్కల మధ్య పట్టుకుని, దాని కొనని ఇంజన్ బ్లాకుకి పావంగుళం దూరంలో ఉంచి నాన్నని సెల్ఫ్ కొట్టమన్నారు. సన్నగా, పసుప్పచ్చగా దారప్పోగులా ఒకటి వచ్చి చచ్చిపోయింది. తర్వాత క్యాప్ తీసి, ఇంజన్ని పాయింట్లు (కాయిల్ కరెంటుని కలుపుతూ విడదీస్తూ ఉండే రెండు చిన్న లోహపు మొహాలు) కలిసే చోటికి తెచ్చి, తాళం ఆన్ చేసి ఉంచి, చెక్కపిడి స్క్రూడ్రైవర్ కొనతో వాటిని విడదీశారు. అక్కడ మాత్రం టప్పుమని ఇంత మెరుపు.

"మెరవాల్సిన చోట మెరవట్లేదండి, మెరవకూడని చోట మెరుస్తుందండి. దొంగ కండెన్సరండి. ఏడెక్కితే చచ్చిపోద్ది, సల్లారితే బతుకుద్ది. తమరు తడిపింది పంపునండి, సల్లారింది ఇదండి."

కండెన్సర్ అంటే చిటికెన వేలి కణుపంత డబ్బా, ఒక వైరు; పాయింట్లు విడినప్పుడు అక్కడ మెరుపు రాకుండా ఆపడం దాని పని. షెడ్డులో పడున్న పాత డిస్ట్రిబ్యూటర్లోంచి ఒకటి ఊడదీసి తెచ్చి బిగించారు. పాయింట్ల మధ్య సందు ఫీలర్ గేజ్ అనే కొలత రేకు పెట్టి 15 థౌకి, అంటే అంగుళంలో వెయ్యోవంతులు పదిహేనుకి, సరిచేశారు. మళ్లీ గొడుగు పట్టాను. ఈసారి స్పార్క్ నీలంగా, టక్ టక్ అని చప్పుడు చేస్తూ దూకింది. మొదటి సెల్ఫ్‌కే ఇంజన్ అందుకుంది, రాజమండ్రి దాకా ఎక్కడా ఆగలేదు. ఆయన తీసుకున్నది 40 రూపాయలు. ఇద్దరు మెకానిక్కుల చేత కార్బురేటర్ విప్పించి, పంపు మార్పించి నాన్న అంతకుముందు రెండు నెలల్లో పెట్టిన ఖర్చు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

మీ బండికి వస్తే, 8 నెలలు కదలకుండా ఉందన్నారు కాబట్టి నా అనుమానం ముందు పాయింట్ల మీదే. వాడని బండిలో వాటి మొహాల మీద పల్చటి పొర పట్టేస్తుంది, చూడ్డానికి బాగానే ఉన్నా కలిసినప్పుడు కరెంటు దాటనివ్వదు. సన్న గరుకు కాగితాన్ని మడిచి రెండింటి మధ్య పెట్టి నాలుగు లాగులు లాగండి. ఆ తర్వాత శుభ్రమైన తెల్లకాగితం ముక్క పెట్టి, మరక పడనంతవరకూ లాగండి. ఈ రెండోది చాలామంది వదిలేస్తారు, గరుకు కాగితం పొడి అక్కడే ఉండిపోయి మళ్లీ మొదటికొస్తుంది.

అప్పటికీ అందుకోకపోతే ఒక చిన్న 12 వోల్టుల పార్కింగ్ బల్బుకి రెండు వైర్లు కట్టండి. ఒకటి కాయిల్ మీద డిస్ట్రిబ్యూటర్‌ వైపు వెళ్లే చిన్న వైరు దగ్గర, రెండోది ఇంజన్ బాడీకి. తాళం ఆన్ చేసి ఇంజన్ని నెమ్మదిగా తిప్పితే పాయింట్లు విడినప్పుడు బల్బు వెలగాలి, కలిసినప్పుడు ఆరాలి. ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే పాయింట్లు కరెంటుని దాటనివ్వట్లేదు. అసలు వెలగకపోతే కాయిల్‌కి కరెంటే రావట్లేదు, లేదంటే డిస్ట్రిబ్యూటర్ లోపల ఎక్కడో బాడీకి తగులుతోంది, అప్పుడు కండెన్సర్ వైరు ఒక్కటీ విడదీసి మళ్లీ చూడండి. స్కానర్ లేకపోతే బానెట్ ఎత్తని కుర్రాళ్లకి ఈ ఐదు నిమిషాల పని ఎవరూ నేర్పట్లేదు, నాకు అదే బాధ.

కండెన్సర్ కొనాల్సి వస్తే రెండు కొనండి. పోయినేడాది నేను మూడు తెచ్చాను, వాటిలో రెండు నెల తిరక్కుండానే పోయాయి. పెట్టె మీద పేరు చూసి మోసపోయాను. పాతది పనిచేస్తుంటే కొత్తది ఉంది కదా అని దాన్ని పారేయకండి.

ఇక పెట్రోలు. స్పార్క్ నీలంగా వస్తోందని తేలాకే అటు వెళ్లండి. ట్యాంకులో ఉన్న 8 నెలల పాత పెట్రోలు ఎలాగూ తీసేయాల్సిందే, దానిలో త్వరగా అంటుకునే గుణం ఆవిరైపోయి ఉంటుంది. పైగా ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసినది. ఇథనాల్ గాలిలో తేమని లాక్కుంటుంది, పాత రబ్బరు పైపులకీ పంపులో పెట్రోలుని తోసే డయాఫ్రం అనే పల్చటి పొరకీ పడదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే బ్రిటిష్ కారు డిజైన్ మీద బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారైన బండి ఇది, ఈ పెట్రోలుని తట్టుకునే రబ్బరు అప్పట్లో అందులో వేయలేదు. ఇన్ని లక్షల పాత బళ్లు రోడ్ల మీద ఉండగా మామూలు పెట్రోలు ప్రతి బంకులోనూ దొరికేలా ఎందుకు ఉంచరో నాకు అర్థం కాదు. పైపులు మార్చండి, మీటరు పైపు పెద్ద ఖర్చేం కాదు.

కొత్త పెట్రోలు పోశాక కార్బురేటర్‌ దగ్గర పైపు ఊడదీసి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టించండి. ఈ పని చేసేటప్పుడు కాయిల్ లావు వైరు తీసి దూరంగా బాడీకి ఆనించి ఉంచండి, స్పార్క్ పెట్రోలు దగ్గరికి రాకూడదు. సీసాలోకి ఆగి ఆగి చిమ్ముతుంటే పంపు బాగున్నట్టే. వైర్లన్నీ పెట్టేటప్పుడు ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లలో స్పార్క్ పడే వరుస, 1-3-4-2 అని గుర్తుంచుకోండి, మెకానిక్ ఒకసారి క్యాప్ తీశాడంటే అవి అటూ ఇటూ మారి ఉండే అవకాశం కూడా ఉంది. ముందు పాయింట్లు తుడిచి, స్పార్క్ ఏ రంగులో వచ్చిందో ఇక్కడ రాయండి. కార్బురేటర్‌ సంగతి ఆ తర్వాత చూద్దాం.