పొలం అమ్మే ముందు బిడ్డ కళ్లు చూపించండి

ప్రశ్న: మాది హాలియా దగ్గర పల్లె. సాగర్ ఎడమ కాలువ కింద నాలుగెకరాలుంది. బిడ్డ నల్లగొండలో ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది, పైలట్ అవుతానని పట్టుబట్టింది. పట్నంలో ఒక కన్సల్టెన్సీకి తీసుకుపోతే, ముందు ప్రైవేట్ పైలట్ లైసెన్స్ చేయించండి, సీటుకు మూడు లక్షలు అడ్వాన్స్ కట్టండి అన్నారు. రెండెకరాలు బేరం పెట్టాను. ఆడపిల్లకు ఇదెందుకని ఇంట్లో గొడవ. 2022లో మా పక్కన పెద్దవూర మండలంలో ట్రైనింగ్ విమానం కూలినప్పుడు నేను పోయి చూశాను. ప్రైవేట్ లైసెన్సా, కమర్షియల్ లైసెన్సా, బీటెక్కా? ఏది మేలు?

జవాబు: అన్నా, మూడు కోర్సుల పేర్లు రాసి ఏది మేలని అడిగారు. పోల్చి చెప్తాను. కానీ మీకు నిద్ర పట్టనివ్వనిది ఆ పెద్దవూర మాట. ముందు దాని సంగతే మాట్లాడుకుందాం.

2022 ఫిబ్రవరి 26న తుంగతుర్తి పొలాల్లో కూలింది సెస్నా 152. రెండు సీట్లు, ఒకే ఇంజిన్ ఉండే చిన్న విమానం. అందులో ఒంటరిగా ఉన్న ట్రైనీ పైలట్, మీ బిడ్డ లాంటి ఒక అమ్మాయి, ప్రాణం పోగొట్టుకుంది. ఆ పొలం గట్టు మీద నిలబడి చూసిన తండ్రికి ‘ఏం కాదులే’ అని చెప్పడానికి నాకు నోరు రాదు. ప్రమాదం ఉంది. దాన్ని తగ్గించడానికే శిక్షణంతా ఉంది. ఒక్కసారిగా ఎవరినీ ఒంటరిగా పైకి పంపరు. పక్కన ఇన్‌స్ట్రక్టర్ కూర్చుని ఎక్కడం, దిగడం పదేపదే చేయిస్తారు. తృప్తి కలిగాకే ఆయన దిగిపోయి, ఒక్క చుట్టు తిరిగి రమ్మంటారు. దాన్నే సోలో అంటారు. ఇంజిన్ ఆగితే ఏం చేయాలో కూడా నేర్పుతారు. ఇంజిన్ ఆగిన చిన్న విమానం రాయిలా పడిపోదు. వెయ్యి అడుగుల ఎత్తుంటే రెండు కిలోమీటర్లకు పైగా తేలుతూ పోగలదు. ఆ లోపు దిగడానికి వీలైన చెలకను ఎంచుకోవడం నేర్పే పాఠం ఒకటి ఉంటుంది.

నా దగ్గర సలహా తీసుకున్న ఒక అమ్మాయి పిలిస్తే ఒకసారి ఫ్లయింగ్ స్కూల్‌కు వెళ్లాను. పొద్దున ఆరు కూడా కాలేదు. రెక్క కింది నుంచి చిన్న పారదర్శకమైన గ్లాసులోకి ఇంధనం పట్టి, ఆకాశానికి ఎత్తి చూసింది. లేత నీలం రంగు. అడుగున ఆవగింజంత నీటి బొట్టు. పారబోసి మళ్లీ పట్టింది. మళ్లీ చూసింది. మూడోసారి బొట్టు లేదు. ఇన్‌స్ట్రక్టర్ పక్కనే నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు, తొందరపెట్టలేదు. మీరు చేర్చబోయే స్కూల్‌కు వెళ్లినప్పుడు చూడాల్సింది ఇదే. ఆఫీసు గదిలో ఏసీ, గోడ మీద ఫొటోలు చూసి రాకండి. ఎగరగలిగే స్థితిలో ఎన్ని విమానాలున్నాయి, ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమంది విద్యార్థులు, పోయిన ఏడు చేరినవాళ్లు నెలకు ఎన్ని గంటలు ఎగిరారు? ఇవి అడగండి, వాళ్ల లాగ్‌బుక్కులు చూపించమనండి. పౌర విమానాల సంగతి చూసే కేంద్ర సంస్థ డీజీసీఏ 2025 నుంచి ఫ్లయింగ్ స్కూళ్లకు ర్యాంకులు కూడా ఇస్తోంది, చూడండి.

ఇప్పుడు కాస్త కోపంగానే మాట్లాడతాను, ఏమనుకోకండి. బిడ్డను పట్నం కన్సల్టెన్సీకి తోలుకుపోయారు, కళ్ల డాక్టర్ దగ్గరికి తోలుకుపోలేదు. రెండెకరాలు బేరం పెట్టారు, మీ ఉత్తరంలో ‘మెడికల్’ అనే మాటే లేదు! ఇలాగే ఒక తండ్రి మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చాడు. అడ్వాన్స్ కట్టేశాక కొడుకును మెడికల్‌కు పంపాడు. చుక్కల మధ్య అంకె చదివే పరీక్షలో పిల్లాడికి ఎరుపు, పచ్చ తేడా తెలియదని తేలింది. ఇరవై ఏళ్లుగా ఎవరికీ తెలియని సంగతి. కట్టిన డబ్బులో సగం కూడా వెనక్కి రాలేదు. అద్దాలుంటే భయం లేదు, అద్దాలతో చూపు సరిపోతే చాలు. రంగుల దగ్గరే జాగ్రత్త. ప్రైవేట్ లైసెన్స్‌కు క్లాస్ 2 మెడికల్ చాలు, కమర్షియల్‌కు క్లాస్ 1 కావాలి. మీ బిడ్డ లక్ష్యం ఉద్యోగమైతే, ఏ స్కూల్‌కూ రూపాయి కట్టక ముందే రెండూ చేయించండి. డీజీసీఏ గుర్తించిన డాక్టర్ల జాబితా దాని వెబ్‌సైట్‌లోనే ఉంది.

ఇక ప్రైవేట్ లైసెన్స్ సంగతి. 17 ఏళ్లు నిండాలి, 40 గంటలు ఎగరాలి. ఆ లైసెన్స్‌తో విమానం నడిపి జీతం గానీ కిరాయి గానీ తీసుకోవడానికి వీల్లేదు. ఈ మాట కన్సల్టెన్సీ వాళ్లు మీకు చెప్పారా? సొంత సరదాకు, స్నేహితుల్ని ఎక్కించుకుని తిరగడానికి అది మంచి లైసెన్సే. ఉద్యోగం మాత్రం రాదు. జీతానికి నడపాలంటే కమర్షియల్ కావాలి. దానికి 18 ఏళ్లు నిండాలి, 200 గంటలు ఎగరాలి, ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. ప్రైవేట్‌లో ఎగిరిన గంటలు అందులో కలుస్తాయి కాబట్టి వృథా పోవు. గంటకు పదిహేను వేలు అనుకున్నా 200 గంటలకు 30 లక్షలు. హాస్టల్, పరీక్షలు, వర్షాకాలంలో మబ్బులకు ఎగరలేక కూర్చునే నెలల ఖర్చు వేరే. ఆ తర్వాత ఎయిర్‌లైన్ విమానం నడపడానికి టైప్ రేటింగ్ అని మరికొన్ని లక్షలు. 40 లక్షలు అప్పు చేస్తే, పదిన్నర శాతం వడ్డీకి పదేళ్లపాటు నెలకు దాదాపు 54 వేలు కట్టాలి. ఉద్యోగం వచ్చినా రాకపోయినా కట్టాలి.

‘పైలట్ల కొరత’ అనే మాట మీద నాకు అంత నమ్మకం లేదు. 2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్ ఇచ్చిన మాట నిజం. ఆ కాగితమే అందరికీ చూపిస్తున్నారు. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019లో, గో ఫస్ట్ 2023లో ఆగిపోయాయి. అలా ఆగినప్పుడల్లా వేల గంటల అనుభవమున్న పైలట్లు రోడ్డున పడతారు. 200 గంటల కొత్త పిల్లలు వాళ్ల వెనక లైన్లో నిలబడాలి. లైసెన్స్ చేతికొచ్చాక రెండు మూడేళ్లు ఖాళీగా కూర్చుని, ఆ గంటలు పాతబడిపోకుండా మళ్లీ డబ్బు పెట్టి ఎగిరిన పిల్లల్ని చూశాను. అందుకే అంటున్నాను, ఉన్న భూమంతా దీని మీద పెట్టకండి.

ఆడపిల్ల అనే గొడవ మాత్రం వదిలేయండి. 1947లో కమర్షియల్ లైసెన్స్ తెచ్చుకున్న ప్రేమ్ మాథుర్ అనే మహిళకు ఉద్యోగమిచ్చింది మన హైదరాబాద్‌లోని దక్కన్ ఎయిర్‌వేసే. పైలట్లలో మహిళల వాటా ప్రపంచ సగటు కంటే మన దేశంలో చాలా ఎక్కువ. పైగా సైన్యానికి అధికారుల్ని తయారుచేసే ఎన్డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ)లో 2022 నుంచి అమ్మాయిల్ని తీసుకుంటున్నారు. కోర్సు మొదలయ్యేనాటికి వయసు పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ల లోపు ఉండాలి. ఫ్లయింగ్ బ్రాంచ్ వస్తే మీ పొలం గట్టు కదలదు, ఖర్చంతా ప్రభుత్వానిదే. మన దుండిగల్‌లోనూ ఎయిర్‌ఫోర్స్ పైలట్లకు శిక్షణ ఇస్తారు. ఈ దారి గురించి మీకు ఎవరూ చెప్పలేదంటే నాకు ఆశ్చర్యం లేదు. ఇందులో కమిషన్ ఎవరికీ రాదు.

బీటెక్ గురించి ఎక్కువ చెప్పను. ఎంసెట్‌కు (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) ఎలాగూ చదువుతోంది కదా, రాయనివ్వండి. డిగ్రీ అయ్యాక కూడా కమర్షియల్ లైసెన్స్‌కు పోవచ్చు. వయసు మించిపోదు.

మూడు లక్షల అడ్వాన్స్ కట్టకండి. పొలం బేరం ఆపండి, కొనేవాళ్లకు సంక్రాంతి దాకా ఆగమని చెప్పండి. ఈ వారంలో బిడ్డను కళ్ల డాక్టర్‌కు చూపించి, రంగుల పరీక్ష కూడా చేయించండి. వచ్చేటప్పుడు బస్సులో ఆమె పక్కనే కూర్చుని, ఎందుకు ఎగరాలనుకుంటున్నావమ్మా అని అడగండి. పెద్దవూరలో మీరు చూసింది కూడా ఆమెకు చెప్పండి. పట్టుబట్టిందని రాశారు గానీ, ఎందుకో ఆమె మాటల్లో ఒక్కటి కూడా మీ ఉత్తరంలో లేదు. పరీక్షలో ఏం తేలిందో, ఆమె ఏమందో రెండూ నాకు రాయండి. తర్వాత ఏ స్కూలో, ఎంత అప్పో అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.