చలికాలం ఆదివారాలు: ఒక రోజుకి ఒకే దారి

అమ్మడూ,

శ్రీకాకుళం వచ్చి ఇన్నాళ్లైనా ఆదివారాలన్నీ ఇంట్లోనే అయిపోతున్నాయని, అల్లుడు ఫోను పట్టుకుని, పాప టీవీ పెట్టుకుని కూర్చుంటున్నారని చెప్పావు కదా. మొన్నొకసారి పొద్దున్న గుడి, మధ్యాహ్నం సముద్రం, సాయంత్రం కొండ అని మూడూ ఒకే రోజు పెట్టుకుని ఏదీ సరిగ్గా చూడక, చీకట్లో తిరిగొచ్చి, పాపకి జలుబు చేసి, ఇక ఎక్కడికీ వద్దు బాబోయ్ అనుకున్నారట. తప్పు ఊళ్లది కాదమ్మా, ప్లానుది. ఇక్కడ చలికాలం పగలు బాగా చిన్నది. డిసెంబరులో అయిదున్నర లోపే పొద్దు గుంకిపోతుంది, మనం తూర్పున ఉన్నాం కాబట్టి మీరు అలవాటు పడ్డ హైదరాబాదు కంటే దాదాపు 20 నిమిషాల ముందే. ఆ లెక్క తెలియక బయల్దేరితే ఏ ప్లానైనా సాయంత్రానికి చెడిపోతుంది. అందుకని నేను చెప్పేది ఒకటే: ఒక ఆదివారానికి ఒకే దారి పట్టండి. ఆ దారిలో ఉన్నవి చూసుకోండి, పక్క దారి వచ్చే వారానికి వదిలేయండి. చలికాలం ఎక్కడికీ పోదు, ఫిబ్రవరి దాకా ఉంటుంది.

మొదట కళింగపట్నం దారి పట్టమంటాను, ఎందుకంటే సముద్రం, కొండ రెండూ ఒకే పూటలో చూడగలిగే దారి మన జిల్లాలో అదే. మన సముద్రం తూర్పున ఉంది, సూర్యుడు నీళ్లలోంచి పైకొస్తాడు, అంచేత సముద్రాన్ని పొద్దున్నే చూడాలి. ఇక్కడ చాలామంది సాయంత్రం అయిదింటికి బీచికి బయల్దేరతారు, చేరేసరికి నల్లటి నీళ్లు, బజ్జీల బండి తప్ప ఏం కనపడవు. మీరు తెల్లవారుజామున అయిదింటికల్లా ఇంట్లోంచి కదిలితే ఆరింటికి ఒడ్డున ఉంటారు. పాపని నిద్రలోనే ఎత్తుకుని కార్లో పడుకోబెట్టండి, చెవులకి మఫ్లరు కట్టండి, అక్కడికెళ్లాక లేపొచ్చు. ఆ వేళకి పడవలు తిరిగొస్తుంటాయి. వల విప్పేటప్పుడు పక్కన నిలబడి చూస్తే పాపకి ఎన్నో రకాల చేపలు కనపడతాయి, కోనాం ఎలా ఉంటుందో కవళ్లు ఎలా ఉంటాయో అక్కడే తెలుస్తుంది. వాళ్ల పనికి అడ్డు రాకుండా నిలబడండి, ఫోటో తీసుకోవాలంటే అడిగి తీసుకోండి, కొనాలనుంటే బేరం చేసి కొనండి. ఊరికే చుట్టూ మూగి ఫోటోలు తీసి వెళ్లిపోతే ఎవరికైనా విసుగొస్తుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను, అల్లుడికి కూడా చదివి వినిపించు. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలుస్తుంది. నది మొగ దగ్గర ఇసుక దిబ్బలు జరుగుతూ ఉంటాయి, ఈరోజు మోకాలి లోతు ఉన్నచోట రేపు మనిషి మునిగే లోతు ఉండొచ్చు, పైకి ప్రశాంతంగా కనపడే నీళ్ల కిందే లాగుడు ఎక్కువ. అక్కడ స్నానం వద్దు. ఒడ్డున పాదాలు తడుపుకుంటే చాలు, అదీ మొగకి దూరంగా. ఈత వచ్చని ధైర్యం చేసేవాళ్లే ఎక్కువ ప్రమాదంలో పడతారు. ఇంకొకటి, నవంబరు, డిసెంబరు నెలల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం అని వార్తల్లో విన్నా, కళింగపట్నం రేవులో హెచ్చరిక నంబరు ఎగరేశారన్నా ఆ వారం సముద్రం దారి మానుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి చెట్లని, జీడి తోటల్ని ఎలా పడగొట్టిందో ఇక్కడి వాళ్లెవరూ మర్చిపోలేదు.

ఎండ కాస్త ఎక్కాక, ఎనిమిదిన్నర, తొమ్మిదికి, అక్కడినుంచి శాలిహుండం వెళ్లండి. వంశధార దక్షిణపు ఒడ్డున కొండ, దాని మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాల పునాదులు. 1919లో వాటిని మొదట గుర్తించింది గిడుగు రామమూర్తి పంతులుగారు, మన వాడుక భాష కోసం పోరాడిన ఆయనే. మెట్లు పెద్ద కష్టం కావు, పాప కూడా ఎక్కేస్తుంది. పైకెళ్లాక గబగబా చుట్టొచ్చి దిగిపోవద్దు. ఎర్ర ఇటుకల గుండ్రటి కట్టడం పక్కన కూర్చుని ఉత్తరం వైపు చూడండి, కింద వంశధార ఇసుక మేటల మధ్య పాయలు పాయలుగా పోతూ ఉంటుంది, తూర్పున సముద్రపు గీత కనపడుతుంది. పొద్దున్న తెచ్చుకున్న పులిహోర అక్కడ కాకుండా కిందకి దిగి చెట్టు నీడన తినండి, పైన ఎవరో పారేసిన ప్లేట్లు చూస్తే నాకు మనసు ఒప్పదు. మధ్యాహ్నం రెండుకల్లా ఇంట్లో ఉంటారు. పడుకుని లేచినా ఇంకా సగం ఆదివారం మిగులుతుంది.

రెండో దారి మా వైపుది. టెక్కలి దాటి నౌపడ వైపు వెళ్తే తేలినీలాపురం. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, నాకు చాలా ఇష్టమైన ఊరు. సెప్టెంబరు, అక్టోబరుల్లో పెలికాన్లనే గూడబాతులు, పెయింటెడ్ స్టార్కులనే పెద్ద కొంగలు వచ్చి ఊళ్లో చింతచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని పెంచుకుని మార్చి, ఏప్రిల్ నాటికి వెళ్లిపోతాయి. అడవిలో కాదు, ఇళ్ల మధ్య. ఆ పక్షులు రావడం ఊరికి మంచిదని వాళ్ల నమ్మకం, రాళ్లు విసరనివ్వరు, కొట్టనివ్వరు. నువ్వు చెట్టు కింద నిలబడి ఓపిగ్గా ఒక్క గూడునే చూడు. తల్లి పెలికాను నౌపడ చిత్తడి బీలల్లోంచి చేపలతో వచ్చి వాలగానే పిల్లలు అరుస్తూ మీద పడతాయి, ఒకటి ఏకంగా తలంతా తల్లి ముక్కు కిందున్న సంచిలోకి దూర్చేసి తినేస్తుంది, బయటికి తీసేదాకా మనకి ఊపిరి ఆడదు. స్టార్కులు గొంతుతో పెద్దగా అరవవు, ముక్కులు టకటక కొట్టుకుంటాయి. అది చూశాక పాప నిన్ను అడిగే ప్రశ్నలకి ఒక వారం సరిపోతుంది. అటవీశాఖ వాళ్లు కట్టిన వాచ్ టవరు ఉంది, ఎవరి దగ్గరైనా బైనాక్యులర్ దొరికితే పట్టుకురండి. పొద్దున్న తొమ్మిది లోపు కానీ మధ్యాహ్నం మూడు దాటాక కానీ బాగుంటుంది. గొడుగు తెచ్చుకోండి, ఎండకి కాదు, పైనుంచి పడే రెట్టలకి. వాసన కూడా ఉంటుంది, పాపకి ముందే చెప్పి పెట్టు. డ్రోన్లు, స్పీకర్లలో పాటలు, చెట్టుని తట్టి లేపడం లాంటివి చేసేవాళ్లని చూస్తే చెప్పడానికి మొహమాటపడకు, గూడు బెదిరితే పిల్లలు కింద పడి చచ్చిపోతాయి. ఇంకా నువ్వు చెప్పకుండా వెళ్లిపోయావంటే ఊరుకోను, దారిలోనే ఉంది మన ఇల్లు, భోజనం ఇక్కడే.

అరసవల్లి గురించి అందరూ ఆదివారమే వెళ్లమంటారు, సూర్యుడి వారం కదా. అందుకే ఆదివారం రద్దీ. చిన్నపిల్లతో క్యూలో గంటలు నిలబడలేవు, అల్లుడికి శనివారం సెలవు ఉంటే ఆ రోజు పొద్దున్నే వెళ్లి ప్రశాంతంగా దర్శనం చేసుకోండి. మాఘమాసం ఆదివారాలు, రథసప్తమి అయితే చెప్పనే అక్కర్లేదు, ముందు రాత్రి నుంచే జనం. అదే పూట శ్రీకూర్మం కలుపుకోవచ్చు, దగ్గరే. కూర్మావతారానికి ఉన్న గుడి, స్వామి పడమర ముఖంగా ఉంటాడు, మండపం గోడల మీద పాత రంగుల బొమ్మలు ఉన్నాయి, నక్షత్ర తాబేళ్లు ఉన్నాయి. పాపకి ఆ తాబేళ్లే గుర్తుంటాయి, ఫర్వాలేదు, గుడి మళ్లీ చూస్తుంది. శ్రీముఖలింగం గుడిని మాత్రం ఇందులో ఇరికించవద్దు. ఆ గోడల మీద శిల్పాలకి కనీసం రెండు గంటలు ఇవ్వాలి, దానికి వేరే రోజు.

కొండల మీదికి వెళ్లాలంటే పాలకొండ మీదుగా సీతంపేట. 2022 నుంచి అది పార్వతీపురం మన్యం జిల్లా అయినా మనకి దగ్గర కొండలు అవే. ఇక్కడ లెక్క తిరగబడుతుంది: కొండకి తెల్లవారుజామున వద్దు. మంచు ఎనిమిది దాకా దట్టంగా ఉంటుంది, మలుపుల్లో ఎదురొచ్చే జీపు కనపడదు. ఎనిమిదిన్నరకి కొండ మొదలుపెట్టి, ఆడలి వ్యూ పాయింటు చూసుకుని, మూడున్నరకల్లా కిందికి దిగిపోవాలి. సాయంత్రం అక్కడ చలి మన దగ్గరి చలి కాదు, పాపకి స్వెట్టరు మీద ఇంకొకటి పెట్టుకో. ముఖ్యంగా, ఒడిశా నుంచి వచ్చిన ఏనుగులు కొన్నేళ్లుగా అటు తిరుగుతున్నాయి, ఈ వారం ఏ వైపు ఉన్నాయో బయల్దేరేముందు పాలకొండలో టీ కొట్టు దగ్గర అడగండి, వాళ్లకి తెలుస్తుంది. అటు ఉన్నాయంటే మొండికెయ్యకుండా వెనక్కి వచ్చేయండి. సవర గిరిజనుల ఊళ్ల మీదుగా వెళ్లేటప్పుడు ఇళ్ల ముందు ఆగి మనుషుల్ని ఫోటోలు తియ్యొద్దు. కొండ చీపుర్లు, పసుపు, చింతపండు అమ్ముతుంటే కొనుక్కోండి, బజార్లో కంటే మంచివి.

దారి గురించి కూడా ఒక జాగ్రత్త. డిసెంబరు, జనవరిల్లో ఊళ్లలో నూర్పులు. రైతులు రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పెడతారు, సాయంత్రం బరకాలు కప్పి రాళ్లు అలాగే ఉంచుతారు. పొద్దున్న మంచులో కానీ చీకట్లో కానీ బైకు మీద వెళ్తే అవి కనపడవు. పాపతో ఉన్నప్పుడు బైకు ఊరి పొలిమేరల దాకే, దూరాలకి కారు లేదా బస్సు. కళింగపట్నానికి శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి బస్సులు ఉంటాయి, బరువ బీచికైతే ఆమదాలవలసలో రైలెక్కి సోంపేటలో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు.

బరువ దారి సంక్రాంతి తర్వాతకి ఉంచుకోండి. దూరం, ఒక పూటలో అయ్యేది కాదు, కానీ ఆ వేళకి జీడి తోటలు పూతకొస్తాయి, ఆ వాసన కారు అద్దాలు దించితేనే తెలుస్తుంది. మహేంద్రతనయ నది అక్కడే సముద్రంలో కలుస్తుంది. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రుళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. వాటిని చూద్దామని రాత్రి పూట టార్చిలు వేసుకుని ఇసుకలో తిరగొద్దు, వెలుగు చూస్తే అవి గుడ్లు పెట్టకుండా వెనక్కి పోతాయి. గుడ్లు పొదిగించి పిల్లల్ని పొద్దున్నే సముద్రంలోకి వదిలే రోజులుంటాయి, అటవీశాఖ వాళ్లనడిగి ఆ రోజుకి వెళ్తే పాప జన్మలో మర్చిపోదు. తిరిగొచ్చేటప్పుడు పలాసలో జీడిపప్పు, మందస కోవా తెచ్చుకోండి, కవిటి వైపు తిరిగితే కొబ్బరి బొండాలు.

తిండికి బయట హోటళ్ల మీద ఆధారపడకు, ఈ దారుల్లో మంచివి తక్కువ. పులిహోర, ఉడకబెట్టిన కందికాయలు, తేగలు, ఫ్లాస్కులో టీ, పాపకి పాలు, ఇంతే. తేగలు సంతలో కట్టలు కట్టలు వస్తున్నాయి ఇప్పుడు. ఒక గోనెసంచి కూడా పెట్టుకో, తిన్నవన్నీ అందులో వేసి ఇంటికి తేవడానికి.

విజయనగరం వైపు రామతీర్థం, పుణ్యగిరి, తాటిపూడి రిజర్వాయరు ఉన్నాయి, వాటికి మీ అత్తగారు వచ్చినప్పుడు వెళ్దురుగాని, ఆవిడ పుట్టిల్లు అటే కదా, నాకంటే బాగా చూపిస్తారు.

అన్ని ఆదివారాలూ తిరగక్కర్లేదు. నెలకి రెండు చాలు, మిగతావి ఇంట్లో బట్టలకి, వంటకి, నిద్రకి కూడా కావాలి. ఈ ఆదివారం కళింగపట్నం అనుకుంటే శనివారం రాత్రి తొమ్మిదిలోపు ఫోన్ చెయ్యి, వాతావరణం ఎలా ఉందో నేను టీవీలో చూసి చెప్తాను. తేలినీలాపురానికైతే ముందురోజే చెప్పు, మీ పెదనాన్న చెరువు చేపలు తెప్పిస్తారు.

మీ పెద్దమ్మ,
టెక్కలి