బండికి సెన్సార్లు సరే, చేతిలో డబ్బేది?

ప్రశ్న: మాది గుంటూరు. మూడు పికప్ బండ్లతో మిర్చి యార్డు నుంచి కిరాయిలు తిప్పుతాను. రెండింటికి కలిపి ఈఎంఐ నెలకు రూ.32 వేలు. లోన్ తీరిపోయిన మూడోదానికి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే కట్టాను. జీపీఎస్ ఇప్పటికే ఉంది. దానికి అదనంగా డీజిల్ సెన్సార్, కెమెరాలు, టెంపరేచర్ సెన్సార్, ఇంజిన్ ఆపే రిలే మూడింటికీ పెట్టడానికి రూ.1.5 లక్షలు అడుగుతున్నారు. బ్యాంకులో రూ.40 వేలే ఉన్నాయి. మూడు రూపాయల వడ్డీకి ఫైనాన్స్ తెచ్చి పెట్టించమంటారా?

జవాబు: వద్దండీ. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. లక్షన్నరకు నెలకు వడ్డీయే రూ.4,500, అసలు అలాగే ఉంటుంది. నెలకు 45 లీటర్లకు పైగా డీజిల్ దొంగతనం ఆగితే తప్ప ఆ వడ్డీ కూడా గిట్టదు. అంత పోతోందని లెక్క చూశారా, అనుమానమేనా? ప్రతిసారీ ట్యాంకు ఫుల్ చేయించి కిలోమీటర్లు రాసుకోండి, పైసా ఖర్చు లేకుండా నెలలో తేలిపోతుంది.

నాకు టెన్షన్ పుట్టించింది ఆ 40 వేలు. ఈఎంఐ కట్టాక మిగిలేది ఎనిమిది వేలు. డ్రైవర్ల జీతాలు, ఇంటి ఖర్చు ఎక్కడి నుంచి వస్తాయి? ఒక్క గేర్‌బాక్స్ పోయి బండి పది రోజులు షెడ్డులో ఉంటే మళ్లీ అదే ఫైనాన్స్ ఆఫీసుకు వెళ్లాలి. యార్డుకు వేసవి సెలవులిస్తారు, ఈఎంఐకి ఇవ్వరు కదా! సొంత బండ్లున్న చాలామంది ఇలాగే బండి ఎక్కడుందో ఫోన్లో చూసుకుంటారు గానీ, అది ఆగిపోతే ఏం పెట్టి కట్టాలో ఆలోచించరు. సీజన్‌లో వచ్చే ప్రతి కిరాయి నుంచి కొంత తీసి వేరే ఖాతాలో వేయండి. మూడు నెలల ఈఎంఐలు, జీతాలు, ఇంటి ఖర్చు జమయ్యేదాకా కొత్త పరికరం ఊసెత్తొద్దు.

మూడో బండి రేపు చోరీ అయినా, తగలబడినా థర్డ్ పార్టీలో మీకు రూపాయి రాదు. దాన్ని సొంత బండి నష్టానికి కూడా డబ్బొచ్చే కాంప్రెహెన్సివ్‌ పాలసీకి మార్చండి. ఐఎంటీ 23 అని కిరాయి బండ్ల పాలసీకి అదనంగా చేర్చుకునే క్లాజు ఒకటుంటుంది, అది ఉందో లేదో మూడు పాలసీల్లోనూ చూసుకోండి. అది లేకపోతే యాక్సిడెంట్‌లో పోయిన లైట్లు, బంపర్లు, మడ్‌గార్డులకు క్లెయిమ్ ఇవ్వరు. జీతానికి పనిచేసే డ్రైవర్‌కు కవర్ ఉందా అన్నది కూడా అడగండి.

ఆ మూడు నెలల ఫండ్ నిండాక, రోడ్డు వైపు చూసే కెమెరా ఒక్కటి సొంత డబ్బుతో పెట్టించుకోవచ్చు. యాక్సిడెంట్ కేసుల్లో పనికొస్తుంది. రిలే గురించి అప్పుడు చూద్దాం. ఎండుమిర్చి బస్తాలకు టెంపరేచర్ సెన్సార్ ఎందుకో మాత్రం అమ్మడానికి వచ్చినాయన్నే అడగండి.