గేదె కొమ్ముతో విల్లు చేద్దామంటే... – మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నమస్తే సార్. మాది భీమవరం దగ్గర పల్లెటూరు. పాతకాలం టర్కీ వాళ్ళ కొమ్ము విల్లు వీడియోలు చూసి పిచ్చెక్కిపోయి నేనూ ఒకటి చేద్దామని మా గేదె చచ్చిపోతే దాని కొమ్ములు దాచిపెట్టానండి. పొయ్యి మీద వేడి చేసి సాపు చేయబోతే ఒకటి మధ్యకి చీలిపోయింది, రెండోది సాపయ్యింది గానీ వారం తిరక్కుండా మళ్ళీ వంకర తిరిగిపోయింది. ఎక్కడ తప్పు చేశానో కాస్త చెప్పండి.

జవాబు: సగం తప్పు మీది, సగం మీ గేదెదండి. మీ గోదావరి జిల్లాల్లో ఎక్కువగా కనిపించేవి ముర్రా, లేదంటే ముర్రా క్రాసు. పాలకి బంగారం, కానీ కొమ్ము చూడండి, జిలేబీ చుట్టినట్టు తలకి అతుక్కుని ఉంటుంది. దాన్ని విప్పి సాపు చేయాలనుకోవడం అంటే దానికి ఇష్టం లేని పనికి బలవంతం చేయడమే, చీలకపోతే ఆశ్చర్యపోవాలి. విల్లుకి కావాల్సింది కొడవలిలా ఒకే వంపు తిరిగిన పొడుగు కొమ్ము. నాగపురి జాతి గేదెల కొమ్ములు కత్తుల్లా పొడుగ్గా, పలకగా ఉంటాయి, షోలాపూర్ వైపు పండర్‌పురి గేదెల కొమ్ములైతే వీపు దాకా వస్తాయి (కాకపోతే కొన్ని మెలితిరిగి ఉంటాయి, చూసి తీసుకోవాలి). టర్కీ తరహా విల్లుకి కొమ్ము నుంచి నిడివిగా కోసే ఒక్కో బద్ద అడుగు పైన రావాలి. కొరియా విల్లుకి ఇంకా పొడుగు కావాలి, వాళ్ళది దాదాపు చివరిదాకా కొమ్మే. తమాషా ఏంటంటే కొరియాలో అసలు మన రకం గేదెలే లేవు, అక్కడి జోసన్ వంశపు రాజులు కొమ్ముల కోసం బయటి దేశాల మీద ఆధారపడి, ఆ బాధ పడలేక గేదెల్నే తెప్పించి పెంచాలని కూడా చూశారు.

ముందు ఈ బద్ద విల్లులో ఏం పని చేస్తుందో తెలిస్తే ఎందుకింత చాదస్తమో అర్థమవుతుంది. మధ్యలో పల్చటి చెక్క, బాణం వెళ్ళే వైపు పశువు కాలి నరాన్ని పీచులుగా దంచి జిగురుతో పరిచిన పొర, మన వైపు కొమ్ము. తాడు లాగగానే నరం సాగుతుంది, కొమ్ము నొక్కుకుంటుంది, చెక్క మాత్రం మధ్యలో రెంటినీ కలిపి పట్టుకుని ఉంటుంది. అంటే మొత్తం నొక్కుడంతా ఆ బద్ద మీదే, దాంట్లో కంటికి కనపడని పొర చీలిక ఒకటున్నా ఏదో ఒకరోజు మీ చేతుల్లోనే టప్‌మంటుంది.

ఇక పని. కొమ్ములో ఎముక ఉంటుంది కదా, దాన్ని సుత్తితో కొట్టి పీకొద్దు. పాత డ్రమ్ములో నీళ్ళు పోసి రెండు మూడు వారాలు నానేస్తే లోపలిది కుళ్ళి వదులై దానంతటదే ఊడొస్తుంది. వాసన మాత్రం భరించలేం, ఇంటికి దూరంగా పెట్టండి, మా ఇంట్లో ఆ డ్రమ్ము గురించి ఇప్పటికీ నన్ను దెప్పుతారు. ఊడాక కడిగి నీడలో ఆరబెట్టి ఎండకి అడ్డం పెట్టి చూడండి, లేత రంగు కొమ్మైతే లోపల చీలికలు గీతల్లా కనపడతాయి, నల్ల కొమ్మైతే వేలితో కొట్టి వినాలి, గట్టిగా ఖంగుమంటే మంచిది, చచ్చు శబ్దం వస్తే పక్కన పడేయండి.

బద్ద తీయాల్సింది వంపు బయటి వైపు నుంచి, నిడివిగా. ఒక్కో కొమ్ముకి ఒక్క బద్ద అనుకోండి, రెండు కొమ్ములకి రెండు బద్దలు, ఒక విల్లు. రెండూ ఒకే పశువువి అయితేనే పైభాగం కిందిభాగం ఒకలా వంగుతాయి. చివరికి మనకి కావాల్సిన మందం ఓ 5 మిల్లీమీటర్లే అయినా కోసేటప్పుడు 8 నుంచి 10 దాకా ఉంచండి, వెడల్పు కూడా వేలెడు ఎక్కువ ఉంచండి, తర్వాత తీయొచ్చు గానీ అతికించలేం కదా.

మీకు చీలింది సాపు చేసే దగ్గర. మన జుట్టు, గోళ్ళు ఏ పదార్థమో కొమ్మూ అదే, నిప్పు తగిలితే జుట్టు కాలిన వాసన వస్తుంది, ఆ వాసన వచ్చిందంటే ఆ చోట కొమ్ము పెళుసైపోయినట్టే. నేను మొదటిసారి గ్యాస్ పొయ్యి మంట మీద పట్టుకుని తెలివిగా చేస్తున్నా అనుకున్నా, పైకి నిగనిగలాడింది, ఆకురాయి పెట్టగానే ఉల్లిపాయ పొరల్లా లేచింది. అప్పట్నుంచి నీళ్ళే. పెద్ద గిన్నెలో మరిగే నీళ్ళల్లో ఓ ముప్పావుగంట ఉంచి, తీసిన వెంటనే రెండు మందపాటి చెక్కల మధ్య పెట్టి సి క్లాంపులు (మర తిప్పి బిగించే ఇనుప పట్లు) బిగించాలి, అదీ ఒకేసారి కాదు. ఒక చుట్టు తిప్పి ఆగాలి, ఇంకో క్లాంపు చుట్టు తిప్పి ఆగాలి. కిర్రుమంటే ఆపేసి మళ్ళీ నీళ్ళలో వేయాలి, మొదటి రోజే పూర్తిగా సాపవ్వాలని ఏమీ లేదు, రెండు మూడు విడతల్లో రావడమే మంచిది. బిగించాక పూర్తిగా చల్లారేదాకా, వీలైతే తెల్లారేదాకా విప్పొద్దు.

రెండోది మళ్ళీ వంకర తిరిగింది అన్నారే, అది ఆరకముందే విప్పేయడం వల్ల. ఉడికిన కొమ్ము లోపల నీళ్ళు పట్టి ఉంటుంది, ఆరేకొద్దీ ముడుచుకుంటుంది, స్వేచ్ఛగా వదిలేస్తే పాత వంపు గుర్తుకొస్తుంది దానికి. చెక్కకి కట్టేసి గాలి ఆడేలా నీడలో నెల రోజులు వదిలేయండి. ఆరిందో లేదో తెలియాలంటే వంటింటి కాటా మీద వారానికోసారి తూచి కాగితం మీద రాసుకోండి, బరువు తగ్గడం ఆగిందంటే ఆరినట్టు. మీ భీమవరం వర్షాకాలంలో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు, సంక్రాంతి తర్వాత మొదలెట్టండి.

ఆరాక లోపలి వైపు, అంటే చెక్కకి అతికే వైపు, ఆకురాయితో పూర్తిగా చదును చేయాలి. దాని మీద నిడివిగా సన్న గాడులు గీయాలి, చెక్క మీద కూడా అలాగే. జిగురు పట్టే జాగా పెరగడానికి ఇదంతా. టర్కీ పనివాళ్ళకి దీనికోసం పళ్ళున్న ప్రత్యేకమైన గీకుడు పనిముట్టు ఉండేది, మనం మూడు నాలుగు హాక్సా బ్లేడ్లు కలిపి కట్టి లాగితే సరిపోతుంది. గీసిన తర్వాత చాకలి సోడా కలిపిన నీళ్ళతో కడిగి ఆరబెట్టి ఇక ఆ వైపు వేలు పెట్టొద్దు, చేతి జిడ్డు చాలు జిగురు ఊడిపోవడానికి.

ప్రశ్న: అతికించడానికి ఫెవికాల్ చాలదా సార్? చేప జిగురే ఎందుకు వాడతారు? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: తెల్ల జిగురు కుర్చీకి సరిపోతుందమ్మా, విల్లుకి కాదు. ఎప్పుడూ లాగుడులో ఉండే చోట అది మెల్లగా జారుతుంది. ఇప్పటివాళ్ళు కొందరు ఎపాక్సీ (రెండు భాగాలు కలిపి పూసే గట్టి జిగురు) వాడతారు, నడుస్తుంది. పాతవాళ్ళు టర్కీలో స్టర్జన్ చేప నుంచి, కొరియాలో క్రోకర్ జాతి చేప గాలితిత్తి నుంచి జిగురు తీసేవాళ్ళు. మీ విశాఖ, కాకినాడ వైపు లక్షలు పలికిందని పేపర్లో వస్తుంటుంది చూడండి కచిడి చేప, అదీ ఈ క్రోకర్ల కుటుంబమే, దాని ధర కూడా ఆ గాలితిత్తి వల్లే! కాబట్టి దాన్ని కొని జిగురు తీయమని నేను చెప్పను. చేప జిగురుని కొమ్ముకీ చెక్కకీ విడివిడిగా పల్చగా నాలుగైదు సార్లు పూసి ఆరనిచ్చి, ఆ తర్వాతే రెండూ కలిపి తాడుతో గట్టిగా చుట్టి బిగిస్తారు. దీంట్లో ఇబ్బంది ఒక్కటే, తేమ. కొరియావాళ్ళు విల్లుని వెచ్చటి పెట్టెలో దాచుకునేవాళ్ళు. మన దేశంలో ఉక్కుతో కూడా విల్లులు చేశారంటే ఈ తేమ బాధ కూడా ఒక కారణమే.

ప్రశ్న: మా తాతగారి ఇంట్లో పాత దుప్పి కొమ్ములున్నాయి. వాటిని వాడొచ్చా? – ఒక పాఠకుడు, ఆదిలాబాద్

జవాబు: వద్దు బాబూ, రెండు కారణాలు. దుప్పి కొమ్ము అసలు కొమ్మే కాదు, ఏటా రాలి మళ్ళీ మొలిచే ఎముక, గేదె కొమ్ములా ఉడికిస్తే వంగి సాపవదు. రెండోది, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. తాతగారిదైనా సరే, దాన్ని కోయడం, అమ్మడం లాంటివి పెట్టుకోకుండా ముందు అటవీశాఖ వాళ్ళని అడగండి. పెంపుడు గేదె కొమ్ముతో ఈ గొడవ లేదు. శ్రీకాకుళం సరిహద్దు దాటితే వచ్చే పర్లాకిమిడిలో కొమ్ముతో బొమ్మలు, దువ్వెనలు చేసే పనివాళ్ళున్నారు. సాపు చేసే కిటుకు మన రాతల కన్నా వాళ్ళ చేతుల్లో చూస్తేనే తొందరగా పట్టుబడుతుంది.

ప్రశ్న: మన విజయవాడ జ్యోతి సురేఖ వాడే కాంపౌండ్ బో, ఈ కాంపోజిట్ బో ఒకటేనా?

జవాబు: కాదు. ఆమెది కప్పీలు, కేబుళ్ళు ఉన్న ఇప్పటి విల్లు. ఇది కొమ్ము, చెక్క, నరం కలిపి అతికించిన పాతకాలం విల్లు. ఇంకోటి, విష్ణుమూర్తి విల్లు పేరు శార్ఙ్గం కదా, శృంగం అంటే కొమ్ము, కొమ్ముతో చేసింది కాబట్టి శార్ఙ్గం.

ప్రశ్న: దాచిన కొమ్ములకి చిన్న చిన్న కన్నాలు పడ్డాయి, పొడి రాలుతోంది. ఏం చేయాలి?

జవాబు: పురుగు పట్టింది. లోపల మాంసం, చర్మం మిగిలితే వచ్చేస్తుంది. కన్నాలున్న కొమ్ము విల్లుకి పనికిరాదు, చొక్కా గుండీలైనా, కత్తి పిడైనా చేసుకోండి. రాకేటప్పుడు ముక్కుకి మాస్కు పెట్టుకోండి, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. ఏ రోగంతో చచ్చిందో తెలియని పశువు కొమ్ము మాత్రం అస్సలు తెచ్చుకోవద్దు. ఆంత్రాక్స్, అదే దొమ్మ రోగం, దాని క్రిములు ఎండిపోయిన కొమ్ము మీద కూడా ఏళ్ళ తరబడి బతికే ఉంటాయి.