సూటు జేబులో మడత చాకు

ప్రశ్న: పెళ్లిళ్లకు, ఆఫీసు విందులకు వెళ్లేటప్పుడు జేబులో ఉంచుకునేందుకు నాజూకైన మడత చాకు కొనాలి. ఇదివరకటిది ఏడాదికే తుప్పు పట్టింది. ఏం చూసి కొనాలి?
– ఒక పాఠకుడు, లాసన్స్ బే కాలనీ, విశాఖపట్నం

జవాబు: మడిచినప్పుడు పొడవు 8–9 సెం.మీ., మందం 10 మి.మీ., బరువు 50 గ్రాములు దాటకుండా చూసుకోండి. అంతకు మించితే జేబు జారి కోటు వంకర పడుతుంది. క్లిప్పు ఉన్నవి వద్దు, గుడ్డను గీరేస్తాయి. పల్చటి తోలు ఒరలో పెట్టుకుంటే చాలు.

మీ పాతది బహుశా కార్బన్ ఉక్కుది. విశాఖ ఉప్పుగాలికి అది ఆగదు. 12సి27, వీజీ-10 లాంటి స్టెయిన్‌లెస్ రకాలు అడగండి. వాటిలో తుప్పును అడ్డుకునే క్రోమియం 13 శాతం పైనే. అయినా తేమ ముందు బ్లేడు తిరిగే ఇరుసు దగ్గరే చేరుతుంది. నెలకోసారి అక్కడ ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేసి తుడవండి. కొబ్బరినూనె మాత్రం వద్దు, జిడ్డుకట్టి చాకు బిగుసుకుపోతుంది.

కొట్లోనే తెరిచి చూడండి. బ్లేడు పక్కలకు ఊగకూడదు. మూసినప్పుడు మొన పిడిలో పూర్తిగా దాగాలి. బ్లేడును బిగపట్టే వెన్ను స్ప్రింగుకీ పిడికీ మధ్య వెలుతురు కనిపిస్తే పనితనం నాసిరకమే. ఇలా స్ప్రింగుతో నడిచే రకానికి తెరిచిన బ్లేడును కదలకుండా పట్టే లాకు సాధారణంగా ఉండదు కాబట్టి మొనతో పొడవకండి, వేళ్ల మీదికి మూసుకుంటుంది.

ముత్యపు చిప్ప పిడి అందమే గానీ కిందపడితే పగులుతుంది. నల్లచేవ కర్ర మేలు. విమానం ఎక్కేరోజు చెకిన్ సామానులో వేయండి.