విరాళమా, అప్పా, వాటానా?

ప్రశ్న: మాది గుంటూరు. రిటైరయ్యాను, పాత పన్ను విధానంలోనే ఉన్నాను. మా వీధిలో ఇద్దరమ్మాయిలు ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టి, దివ్యాంగ మహిళలతో గుడ్డ సంచులు కుట్టించి అమ్ముతున్నారు. వాళ్లకు 3 లక్షలు ఇవ్వాలనుంది. 80జీ (విరాళానికి ఇచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు) వస్తుందా? అమెరికాలో ఉన్న మా అబ్బాయి కూడా కొంత పంపుతానంటున్నాడు.

జవాబు: రాదండీ. ఎంత మంచి పని చేస్తున్నా ప్రైవేట్ లిమిటెడ్‌కి ఇచ్చిన డబ్బుకు 80జీ లేదు. పైగా ఊరికే వచ్చిన సొమ్ము ఏడాదిలో 50,000 దాటితే అది కంపెనీ ఆదాయమవుతుంది. నష్టాల్లో లేకపోతే మీరిచ్చిన దాంట్లో దాదాపు పావు వంతు పన్నుకే పోతుంది. పోనీ అప్పుగా ఇద్దామంటే, డైరెక్టరో, వాళ్ల బంధువో, వాటాదారో కానివాళ్ల దగ్గర కంపెనీ అప్పు తీసుకోకూడదు. వాటా కొనొచ్చు గానీ, మీకు డబ్బు అవసరమైన రోజున ఆ షేర్లు కొనేవాళ్లు దొరకరు.

ఇలాంటివాళ్లు చాలామంది అమ్మకాలు కంపెనీలో పెట్టుకుని, శిక్షణ కోసం పక్కన ఒక ట్రస్టో సెక్షన్ 8 కంపెనీయో (లాభం పంచుకోని సేవా కంపెనీ) నడుపుతారు. అలాంటిది ఉందేమో అడగండి. ఉంటే 12ఏబీ (పన్ను శాఖ దగ్గర సేవా సంస్థగా నమోదు), 80జీ కాగితాలు చూసి, శిక్షణ ఖర్చుకు దానికే ఇవ్వండి.

అప్పుడు కూడా మొత్తం ఒకేసారి ఇవ్వకండి. ఇలాంటి సంస్థలకిచ్చే విరాళంలో, సర్దుబాటు చేసిన (మిగతా మినహాయింపులు తీసేసిన) మీ ఆదాయంలో 10 శాతం వరకే లెక్కలోకి తీసుకుని, అందులో సగం మినహాయిస్తారు. అలా చూస్తే మీ ఆదాయం 8 లక్షలనుకుందాం. ఇచ్చింది 3 లక్షలైనా లెక్కకొచ్చేది 80,000, మినహాయింపు 40,000, 20 శాతం శ్లాబులో మీకు పన్ను మిగిలేది 8,000 చిల్లర. మార్చిలో 80,000, ఏప్రిల్‌లో ఇంకో 80,000 ఇస్తే రెండు ఆర్థిక సంవత్సరాల్లోనూ ఆ లాభం ఉంటుంది. నగదు 2,000 దాటితే అసలు చెల్లదు, చెక్కో యూపీఐయో వాడండి. విరాళానికి సంస్థ ఇచ్చే 10బీఈ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, ఉత్త రసీదు సరిపోదు.

మీ అబ్బాయి ఇంకా భారత పౌరుడైతే, సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే టెన్షన్ లేదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ విరాళం. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి లేని ట్రస్టు దాన్ని ముట్టుకోకూడదు. ‘నాన్న ఖాతాలో వేస్తాను, ఆయన ఇస్తారు’ అనే దొడ్డిదారి ఆ అమ్మాయిల మెడకు చుట్టుకుంటుంది.

నన్నడిగితే, చెక్కు రాసే ముందు వాళ్ల బకాయిల పుస్తకం చూడండి. గుడ్డకు రొక్కం కట్టి, షాపుల నుంచి డబ్బు రెండు మూడు నెలలకు వస్తుంటే, మీ 3 లక్షలూ అందులోనే ఇరుక్కుంటాయి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) ఉన్న చిన్న తయారీదారుకు కొన్నవాళ్లు 45 రోజుల్లోపు కట్టాలని చట్టమే ఉంది. వాళ్లు రిజిస్టర్ చేసుకున్నారా? లేకపోతే ఈ వారమే చేయించండి, దానికి ఫీజు కూడా లేదు.